చట్టం అడగని హెల్మెట్

నేనుంటున్న ఇల్లినాయ్ రాష్ట్రంలో మోటార్ సైకిలు నడిపేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోనక్కర్లేదు. కళ్ళజోడో, గాగుల్సో, బండికి ముందు అద్దమో ఏదో ఒకటి ఉండి తీరాలి గానీ, నెత్తిమీద ఏమీ లేకపోయినా పోలీసు ఆపడు. కళ్ళ గురించి ఇంత పట్టింపున్న రాష్ట్రానికి వాటి వెనకాలున్న బుర్ర గురించి పట్టింపు లేదేమిటా అని మొదట్లో నవ్వొచ్చేది. ఆలోచిస్తే అందులోనూ ఒక తర్కం కనబడింది. కంట్లో దుమ్ము పడితే నేను వెళ్ళి ఇంకొకరిని గుద్దుతాను. తల పగిలితే నాది నాకే పగులుతుంది. మొదటిది ప్రభుత్వం సంగతి, రెండోది నా సంగతి. అలాగని కారులో కూర్చుంటే సీటు బెల్టు పెట్టుకోకపోవడానికి ఇదే రాష్ట్రం ఒప్పుకోదు. తర్కం కారు తలుపు దగ్గర ఆగిపోయిందన్నమాట.

ఇల్లినాయ్ ఒక్కటే కాదు. పక్కనున్న అయోవాలోనూ, ఎక్కడో ఈశాన్యాన ఉన్న న్యూ హాంప్‌షైర్‌లోనూ హెల్మెట్ చట్టమే లేదు. మిషిగన్‌లో అందరికీ తప్పనిసరిగా ఉన్న హెల్మెట్‌ని 2012లో సడలించి, 21 ఏళ్ళు దాటినవాళ్ళకి కొన్ని షరతులమీద మినహాయింపు ఇచ్చారు. ఇండియా నుంచి వచ్చిన మా బాబాయికి ఈ సంగతి చెబితే నమ్మలేదు. "అదేమిట్రా, అమెరికా అంటే అన్నీ రూల్సే అంటారుగా!" అన్నారు.

పరాయి దేశంలో రెండు చక్రాల బండి ఎక్కేవాడు మూడు ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాలని నాకనిపిస్తుంది. ఇది చట్టప్రకారమేనా? ఇది క్షేమమేనా? ఇది న్యాయమేనా? మొదటి రెండూ ఒకటేననీ, అవి సరిపోతే మూడోది అడగనక్కర్లేదనీ చాలామంది అనుకుంటారు. పదేళ్ళుగా ఇక్కడ బండి నడుపుతూ, నడిపేవాళ్ళని చూస్తూ, ఈ మూడూ వేరువేరు ప్రశ్నలని తెలుసుకున్నాను.

మనకి బండి అంటే అవసరం. తెనాలిలో మా నాన్నగారి బజాజ్ చేతక్ మీద నలుగురం వెళ్ళేవాళ్ళం. నేను ముందు నిలబడేవాణ్ణి, చెల్లి అమ్మ ఒళ్ళో కూర్చునేది. అది ప్రమాదమని ఎవరమూ అనుకోలేదు. బస్సు కోసం గంట నిలబడలేని కుటుంబానికి అదే కారు. ఇప్పటికీ దేశంలో కోట్ల కుటుంబాలకి అదే కారు. అక్కడ చట్టం లేదా అంటే, ఇల్లినాయ్‌లో లేనంత ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపేవాడికీ, వెనక కూర్చున్నవాడికీ కూడా హెల్మెట్ ఉండాలంటుంది. 2019 సవరణతో జరిమానా వెయ్యి రూపాయలు చేసి, మూడు నెలలపాటు లైసెన్సు ఆపేసే శిక్ష కూడా చేర్చారు. అయినా 2022లో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 50,029 మందని కేంద్ర ప్రభుత్వ లెక్క. చౌరస్తాలో పోలీసు కనబడగానే మోచేతి నుంచి తలమీదకి ఎక్కి, దాటగానే మళ్ళీ మోచేతికి దిగే హెల్మెట్‌ని మీరూ చూసే ఉంటారు. ఆ హెల్మెట్ పెట్టుకున్నది దెబ్బ తగలకుండా కాదు, చలానా పడకుండా.

అలా చట్టమంటే పోలీసు అని నేర్చుకున్నవాళ్ళం, పోలీసు అడగని దేశానికి వచ్చి పడ్డాం. ఇక్కడ మనల్ని ఏది ఆపుతుంది?

ముందు కాగితాల సంగతి. మన ఆర్టీయే ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఒక ఏడాది పనిచేస్తుంది. అది అసలు లైసెన్సుకి అనువాదం లాంటిదే గానీ విడిగా లైసెన్సు కాదు. ఇండియాలో కారుకి మాత్రమే లైసెన్సు ఉన్నవాడికి అది బండి నడిపే హక్కు తెచ్చిపెట్టదు. ఇక ఇల్లినాయ్‌లో కాపురం పెట్టినవాడు 90 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. కారు లైసెన్సు డి క్లాసు. 150 సీసీ, అంతకు పైబడిన బండికి ఎం క్లాసు వేరే ఉండాలి. బండికి రిజిస్ట్రేషనూ, కనీసపు బీమా కూడా ఉండాలి. ఆ కనీసం ఎంతంటే, మన వల్ల గాయపడిన ఒక మనిషికి పాతికవేల డాలర్లు. ఇక్కడి ఆసుపత్రి బిల్లు ఒక్కసారి చూసినవాళ్ళకి ఆ అంకె ఎంత చిన్నదో చెప్పనక్కర్లేదు. అందుకే చట్టప్రకారం ఉన్నానని చెప్పుకోవడం మొదటి మెట్టు ఎక్కానని చెప్పుకోవడమే.

ఎం క్లాసు కోసం రాష్ట్రం ఏర్పాటు చేసిన శిక్షణ తరగతిలో చేరాను. చిన్నప్పటినుంచి బండి నడిపినవాడికి కొత్తగా నేర్పేదేముంటుందిలే అనుకునే వయసే అది. ఒక వారాంతం అంతా పార్కింగ్ లాటులో చిన్న బండ్లమీద తిప్పారు. క్లచ్, గేరు, బ్రేకు నాకు కొత్త కాదు. కొత్తదేమిటంటే ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించి, వాడు చేసేలోపు నాకో దారి చూసి పెట్టుకోవడం.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడి బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిలు ప్రమాదాలని, జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించింది. 1981లో నివేదిక వచ్చింది. ఇంకో వాహనంతో ఢీకొన్న సందర్భాల్లో మూడింట రెండు వంతులు తప్పు ఆ రెండో వాహనానిదే. ముఖ్యంగా ఎదురుగా వస్తున్న బండి ముందునుంచి ఎడమకి తిరిగిన కారుది. (ఇక్కడ రోడ్డుకి కుడివైపున నడుస్తాం కాబట్టి, ఎడమకి తిరగడమంటే మన ఊళ్ళో కుడికి తిరగడం లాంటిది, ఎదురొచ్చేవాళ్ళకి అడ్డంగా పోవాలి.) ఆ కారు నడిపినవాళ్ళు చెప్పినమాట ఒకటే: బండి కనబడలేదు. అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ప్రమాదంలో చిక్కినవాళ్ళలో 92 శాతం మంది ఏ శిక్షణా లేనివాళ్ళు. తమంతట తామో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళు.

తప్పు కారుదే కావచ్చు. పోయేది మాత్రం బండిమీదున్నవాడు. నేను న్యాయంగా నడిపానన్న సంగతి నా ఎముకలకి తెలియదు.

విదేశీయుడికి ఇంకో చిక్కుంది. మనకి నైపుణ్యం తక్కువేమీ కాదు. విజయవాడ బెంజి సర్కిల్లో బండి నడిపినవాడికి ప్రపంచంలో ఏ రోడ్డయినా ఖాళీగానే కనిపిస్తుంది. మనకి లేనిది ఇక్కడివాళ్ళతో ఉమ్మడి అంచనా. మా వృత్తిలో రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ముందు ప్రోటోకాల్ కుదరాలి. ఎవరు ముందు పలకాలి, ఎంతసేపు ఆగాలి, జవాబు రాకపోతే ఏం చెయ్యాలి అని. నాలుగు వైపులా స్టాప్ గుర్తులున్న కూడలి చూడండి. అక్కడ పోలీసు లేడు, దీపం లేదు. ముందు వచ్చినవాడు ముందు వెళతాడు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాడు వెళతాడు. నలుగురు ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరి మాటమీద ఒకరు ప్రాణాలు పెట్టి దాటిపోతారు. మన ఊళ్ళో రోడ్డుకి ప్రోటోకాల్ లేదని కాదు. హారన్ ఉంది, చెయ్యి ఊపడం ఉంది, ఖాళీ కనబడితే దూరడం ఉంది. అందరికీ అదే భాష కాబట్టి అక్కడ అది ఎంతోకొంత నడుస్తుంది. ఆ భాష ఇక్కడ మాట్లాడితే అర్థంచేసుకునేవాళ్ళు లేరు. ఎర్రదీపం దగ్గర ఆగిన కార్ల మధ్యనుంచి ముందుకి పోవడం మనకి సహజం. కాలిఫోర్నియాలో కార్ల మధ్యనుంచి వెళ్ళడాన్ని 2016లో చట్టంలో గుర్తించారు. ఇల్లినాయ్‌లో అది నేరం. నేరం కావడం అటుంచి, ఇక్కడి డ్రైవరు అద్దంలో మనకోసం చూడడు. వాడి ఊహలో మనం లేం.

అందుచేత నాకు చట్టాన్ని పాటించడం పోలీసుకి విధేయత చూపడంలా కనిపించదు. ముక్కూ మొహం తెలియని నలుగురికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలా కనిపిస్తుంది.

ఈ మాటకి మా మిత్రుడొకడు అడ్డుపడ్డాడు. "ఈ చట్టాలు చేసేటప్పుడు నిన్నెవరైనా అడిగారా? నీకిక్కడ ఓటు కూడా లేకపోయె. మనం పాటించేది భయంతోనే" అన్నాడు. కొంత నిజం ఉంది. పౌరసత్వ దరఖాస్తులో అరెస్టులూ, సైటేషన్లూ ఏమన్నా ఉన్నాయా అని అడుగుతారు. ఇక్కడ పుట్టినవాడికి జరిమానాతో పోయేది, మనకి ఒక ఫారంలో ప్రశ్నై కూర్చుంటుంది. కానీ ఓటు లేనంతమాత్రాన మాట ఇవ్వలేదనగలమా? ప్లేటో రాసిన క్రీటోలో, జైలు నుంచి తప్పించుకుపొమ్మన్న మిత్రుడికి సోక్రటీస్ చెప్పే జవాబుల్లో ఒకటి ఇదే. ఇష్టం లేకపోతే ఏథెన్స్ విడిచి వెళ్ళే వీలున్నా డెబ్భై ఏళ్ళు అక్కడే ఉన్నాను, ఉండడమే ఒప్పుకోవడం అంటాడు. ఆయన అక్కడే పుట్టాడు. మనమో, వీసా కోసం వరసలో నిలబడి, ఫీజు కట్టి, అడిగి మరీ వచ్చినవాళ్ళం. ఉండడమే ఒప్పుకోవడమైతే మన ఒప్పుకోలు సోక్రటీస్ ఒప్పుకోలుకన్నా గట్టిది.

చట్టం కూడా ఇక్కడ మరీ మూర్ఖంగా ఉండదు. రోడ్డులో పాతిన తీగ చాలా సిగ్నళ్ళలో కారు వచ్చినట్టు పసిగడుతుంది గానీ, చిన్న బండిని ఒక్కోసారి గుర్తించదు. పచ్చదీపం ఎప్పటికీ రాదు. అర్ధరాత్రి నిర్మానుష్యంగా ఉన్న కూడలిలో ఎంతసేపు నిలబడతాం? ఇల్లినాయ్‌లో 2012 నుంచి దీనికో జవాబుంది. షికాగో లాంటి మహానగరంలో తప్ప, కనీసం 120 సెకన్లు ఆగి, దీపం మారకపోతే, స్టాప్ గుర్తు దగ్గర లాగా చూసుకుని వెళ్ళవచ్చు. నాకీ చట్టమంటే ఇష్టం. తన యంత్రం తప్పు తనే ఒప్పుకుని, పౌరుణ్ణి రెండు నిమిషాల ఓపిక మాత్రమే అడుగుతోంది. ఎవరూ చూడని ఆ రెండు నిమిషాల్లో మనం ఎవరమో మనకి తెలుస్తుంది.

మళ్ళీ హెల్మెట్ దగ్గరకి వద్దాం. ఇక్కడే అసలు తగవు ఉంది.

ఇల్లినాయ్‌లో కూడా ఒకప్పుడు హెల్మెట్ చట్టం ఉండేది. 1969లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఫ్రీస్ కేసులో దాన్ని కొట్టేసింది. పెట్టుకున్నవాణ్ణి కాపాడడమే దాని ఉద్దేశం, ప్రజలని కాదు, కాబట్టి అది రాష్ట్రం అధికారంలోకి రాదని తేల్చింది. మూడేళ్ళ తరవాత 1972లో, మాసచూసెట్స్‌లోని ఫెడరల్ కోర్టు సైమన్ వర్సెస్ సార్జెంట్ కేసులో దానికి పూర్తిగా ఎదురు తీర్పు ఇచ్చింది. రోడ్డుమీద పడ్డవాణ్ణి ఎత్తేది సమాజం, ఆసుపత్రికి చేర్చేది సమాజం, కోలుకోకపోతే పోషించేది సమాజం, మరి ఇది ఒక్కడి సంగతి ఎలా అవుతుందని ఆ తీర్పు సారాంశం. హెల్మెట్ చట్టం చెయ్యని రాష్ట్రాలకి రోడ్ల నిధులు కోస్తామని కేంద్రం 1966 నుంచి ఒత్తిడి పెట్టడంతో 1975 నాటికి 47 రాష్ట్రాలు చట్టం చేశాయి. 1976లో ఆ ఒత్తిడి తీసేయగానే ఒకదాని వెనక ఒకటి సడలించుకుంటూ వచ్చాయి.

"నా ప్రాణం నా ఇష్టం" అనేవాళ్ళు తరచు జాన్ స్టువర్ట్ మిల్ పేరు చెబుతారు. ఇతరులకి హాని లేనంతవరకూ మనిషి తన శరీరానికి తనే ప్రభువు అని 1859లో ఆయన రాసిన స్వేచ్ఛ గ్రంథం సారం. కానీ అదే పుస్తకంలో ఆయన ఇంకోమాట కూడా అంటాడు. తాగుడు వల్ల ఒకడు పెళ్ళాం పిల్లల్ని పోషించలేని స్థితికి వస్తే, అప్పుడది వాడి సొంత సంగతి కాకుండా పోతుంది, వాళ్ళకి బాకీ పడ్డ కర్తవ్యం ఎగ్గొట్టడం అవుతుంది అని. మన ప్రశ్నకి జవాబు ఆ రెండో మాటలో ఉంది. నా ప్రాణంలో ఎవరెవరికి వాటా ఉంది?

కొన్నేళ్ళ క్రితం మా ఊరికి గంట దూరంలో ఒక తెలుగు కుర్రాడు పోయాడు. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కొత్త స్పోర్ట్స్ బండి. ఎం క్లాసు లేదు. తలకి ఏమీ లేదు. సాయంత్రం వెలుగులో ఎదురుగా ఎడమకి తిరిగిన కారు. అచ్చం 1981 నివేదికలో ఉన్నట్టే. చట్టప్రకారం తిరుగుడు తప్పు కారుదే.

ఆ తరవాతి పది రోజులూ నేను దగ్గరుండి చూశాను. ఆసుపత్రి, పోలీసు రిపోర్టు, శవపరీక్ష, ఫ్యూనరల్ హోము, కాన్సులేటు కాగితాలు, విమానంలో కార్గో బుకింగు. మన సంఘంవాళ్ళు చందాల కోసం వందల ఈమెయిళ్ళు పంపారు. ఎన్నడూ వాణ్ణి చూడనివాళ్ళు ఇరవై, యాభై, వంద డాలర్లు పంపారు. రూమ్మేట్ కుర్రాళ్ళు ఇద్దరు నెలరోజులు నిద్రపోలేదు. కారు నడిపినావిడ డెబ్భై ఏళ్ళ రిటైరైన టీచరు. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఫ్యూనరల్ హోము బయట నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగింది. "నాకు కనబడలేదు" అని అదే మాట పదేపదే అంది. వాడు హెల్మెట్ పెట్టుకుని ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. హెల్మెట్ వల్ల ప్రాణాపాయం 37 శాతం తగ్గుతుందని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ అంచనా. ఆ 37లో వాడు ఉండేవాడో, మిగతా 63లో ఉండేవాడో ఎవరూ చెప్పలేరు. ఆ అవకాశం ఆవిడకి కూడా దక్కాల్సిందని మాత్రం అనుకున్నాను.

అన్నిటికన్నా నన్ను కుదిపింది వాళ్ళ నాన్నగారి ఫోను. ఆయన ఏడవలేదు. "బండా? వాడికి బండెక్కడిదండీ?" అన్నారు. కొడుకు పోయాడనీ, కొడుక్కి బండి ఉందనీ ఆయనకి ఒకే ఫోనులో తెలిసింది.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగింది. "ఏమండీ, మీకు లైసెన్సుంది, శిక్షణ ఉంది, హెల్మెట్ పెట్టుకుంటారు. ఒప్పుకుంటాను. మీరు చెప్పిందే నిజమై మీ ప్రాణంలో మాకూ వాటా ఉంటే, అసలు ఎక్కడం ఎందుకు? కారుందిగా?"

దీనికి తేలికైన జవాబు లేదు. 2023లో అమెరికాలో 6,335 మంది మోటార్ సైకిళ్ళమీద పోయారు. వాళ్ళలో హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళూ చాలామంది ఉన్నారు. నాన్నగారికి చేతక్ అవసరం. నాకిది అవసరం కాదు. జూలైలో మొక్కజొన్న చేల మధ్యనుంచి గలీనా కొండలవైపు వెళుతుంటే తగిలే పచ్చివాసన కారు అద్దాల వెనకనుంచి రాదు. పొద్దున్నించి రాత్రిదాకా తెరవైపు చూసే ఉద్యోగంలో, ఆ రెండు గంటలే నేను రోడ్డుమీద తప్ప ఇంకెక్కడా ఉండను. అది సంతోషం, అంతే. సంతోషం కోసం ప్రమాదం కొనుక్కోవడం పాపమైతే కొండలెక్కేవాళ్ళూ, సముద్రంలో ఈదేవాళ్ళూ అందరూ పాపులే. కానీ ఆ ప్రమాదం ఖర్చు నా ఒక్కడి జేబులోంచే పోతుందని నటించే హక్కు మాత్రం నాకు లేదు. వాటాదార్లని అడగాలి.

అడిగాను. బేరం కుదిరింది. చీకటి పడ్డాక, వాన పడేటప్పుడు, నిద్ర చాలనప్పుడు తీయను. నవంబరు నుంచి మార్చిదాకా బండి గరాజులోనే. పిల్లల్ని ఎక్కించుకోను. మండే ఎండలోనైనా పూర్తి హెల్మెట్, జాకెట్, గ్లవ్స్. జీవితబీమా రెట్టింపు చేశాను. ఆఖరి షరతు ఆవిడది: ఆవిడ వద్దన్నరోజున కారణం అడక్కుండా అమ్మెయ్యాలి. తెనాలిలో అమ్మకీ చెప్పాను. "కారుందిగా ఒరే" అని ఆవిడా అంది. ఇప్పుడు ఆదివారం ఫోనులో మొదట అడిగేది, "ఇవాళ బండి తీశావా?" అని. ఆ ప్రశ్న విన్నాక ఆ వారం మూల మలుపుల దగ్గర నా వేగం తగ్గుతుంది. ఏ చట్టమూ అంత పని చెయ్యదు.

చట్టం అందరినీ ఒకే గాటన కడుతుంది. అది అడిగే కనీసం కనీసమే. శిక్షణ, హెల్మెట్ అపాయాన్ని తగ్గిస్తాయి, తీసెయ్యవు. మిగిలిన అపాయాన్ని నేను నెత్తికెత్తుకోవచ్చా అన్న ప్రశ్నకి నాకు దొరికిన కొలబద్ద ఒక్కటే. దాన్ని మోయబోయేవాళ్ళకి ఎదురుగా కూర్చుని చెప్పగలనా? చెప్పలేని ప్రమాదం నాది కాదు, వాళ్ళది. వాళ్ళకి తెలియకుండా వాళ్ళ పేర చేసిన అప్పు.

ఏటా వసంతం రాగానే, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు ఒకరిద్దరు నా దగ్గరకి వస్తారు, ఏ బండి కొనమంటారండీ అని. ఎం క్లాసు గురించి, శిక్షణ గురించి, బీమా గురించి చెబుతాను. కనీసపు బీమాతో సరిపెట్టుకోవద్దంటాను. బండికన్నా ముందు మంచి హెల్మెట్ కొనమంటాను. ఇవన్నీ శ్రద్ధగా రాసుకుంటారు, మంచి పిల్లలు. ఆఖర్న ఒకటి అడుగుతాను. "ఇంట్లో చెప్పావా బాబూ?"

పోయినేడు ఒకతను నవ్వేశాడు. "చెబితే కొననివ్వరండీ."

"అయితే అది కూడా రాసుకో" అన్నాను.